జనంలో నిలబడి చదవవలసిన నాటకం: విశాఖ తరగతి గదుల్లో ‘జూలియస్ సీజర్’

విశాఖపట్నంలోని ఐసీఎస్‌ఈ పాఠశాలల్లో తొమ్మిది, పది తరగతుల ఆంగ్ల సాహిత్యానికి షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ ఇటీవలి సంవత్సరాల్లో పాఠ్యనాటకంగా ఉంది. ఐదంకాల ఈ విషాదాంత నాటకంలో మొదటి రెండు అంకాలు తొమ్మిదో తరగతికి, తక్కిన మూడు అంకాలు పదో తరగతికి కేటాయించారు. రోమ్ నేత సీజర్ రాజవుతాడన్న భయంతో అతడి మిత్రుడు బ్రూటస్, కాసియస్ మొదలైనవారు కుట్రపన్ని అతడిని చంపడం, ఆ తరువాత తామే నాశనం కావడం ఇందులోని కథ. రెండో అంకం ముగిసేసరికి సీజర్ కుట్రదారులతో కలిసి ద్రాక్షాసవం తాగి సెనేటుకు బయలుదేరుతాడు, ఆర్టెమిడోరస్ హెచ్చరిక లేఖ పట్టుకొని దారిలో కాచుకొని ఉంటాడు, బ్రూటస్ భార్య పోర్షియా సెనేటు వైపు చెవులు రిక్కించి ఇంటి ముందు తల్లడిల్లుతుంటుంది. సరిగ్గా అక్కడ తరగతి మారుతుంది. కత్తులు దిగేది మరుసటి విద్యాసంవత్సరంలో. అప్పటికి బ్రూటస్ తోటలో ఒంటరిగా ఏం ఆలోచించాడో చాలామంది పిల్లలకు గుర్తుండదు. గుర్తున్నవారికి కూడా అది నిరుడు రాసేసిన పరీక్షకు సంబంధించిన విషయంగానే మిగులుతుంది.

పాఠ్యప్రణాళిక సౌకర్యం కోసం చేసిన ఈ విభజన నాటకాన్ని సరిగ్గా దాని కీలుదగ్గర విరుస్తోంది. హత్యకు ముందు బ్రూటస్ తనకు తాను చెప్పుకున్న కారణాలకూ, హత్య తరువాత జనానికి చెప్పిన కారణాలకూ మధ్య ఉన్న దూరమే ఈ విషాదానికి మూలం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడని తరగతిలో ‘జూలియస్ సీజర్’ ఒక హత్య, రెండు ఉపన్యాసాలు, ఒక యుద్ధంగా తేలిపోతుంది. అందుకే పదో తరగతిలో మూడో అంకం మొదలుపెట్టే ముందు, రెండో అంకం మొదటి రంగాన్ని మళ్ళీ ఒకసారి మొత్తం బిగ్గరగా చదివించడం తప్పనిసరి అనిపిస్తుంది. దానికి పట్టేది ఒకటి రెండు పీరియడ్లే.

నాటకం పుట్టుకను గురించి తెలిసిన వివరాలు కొద్దివే అయినా ఉపయోగకరమైనవి. 1599 సెప్టెంబరు 21న థామస్ ప్లాటర్ అనే స్విట్జర్లాండ్ యాత్రికుడు లండన్‌లో థేమ్స్ నది దాటి వెళ్ళి, పూరికప్పు ఉన్న ఒక నాటకశాలలో సీజర్ కథను దాదాపు పదిహేను మంది నటులు ప్రదర్శించగా చూశానని రాసుకున్నాడు. అది ఈ నాటకమేనని పండితులు ఎక్కువమంది భావిస్తారు. విషాదాంతం ముగిశాక నటులు వేదికపై నృత్యం చేశారని కూడా అతడు రాశాడు. అచ్చులోకి వచ్చింది మాత్రం షేక్‌స్పియర్ మరణించిన తరువాత, 1623 నాటి సంపుటంలో. కథకు ఆధారం గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన జీవితచరిత్రలకు థామస్ నార్త్ చేసిన 1579 నాటి ఆంగ్లానువాదం. క్రీ.పూ. 44 మార్చి 15న సీజర్ హతుడవుతాడని ఆనాటి లండన్ ప్రేక్షకులకు ముందే తెలుసు. రావణుడు చస్తాడని తెలిసే రామాయణ నాటకానికి జనం వెళ్ళినట్టే వాళ్ళూ వెళ్ళారు. కథ తెలిసిన ప్రేక్షకుడి చూపు ‘ఏం జరుగుతుంది’ అన్నదాని మీద కాక ‘ఎలా జరగనిచ్చారు’ అన్నదాని మీద నిలుస్తుంది. తరగతిలోనూ అదే జరగాలి. ముగింపును దాచిపెట్టి ఉత్కంఠ కలిగించడానికి ఉపాధ్యాయులు శ్రమపడనక్కరలేదు.

పరీక్షలో పదేపదే ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది: ఈ నాటకానికి విషాదనాయకుడు ఎవరు? పేరు సీజర్‌ది. అతడు మూడో అంకం మొదటి రంగంలోనే చనిపోతాడు; అతడి సంభాషణలు బ్రూటస్ సంభాషణల్లో నాలుగో వంతు కూడా ఉండవు. కనుక బ్రూటసే నాయకుడు అని గైడు పుస్తకాలు తేల్చి, అరిస్టాటిల్ చెప్పిన ‘హమార్షియా’ (నాయకుడి పతనానికి దారితీసే పొరపాటు) అన్న మాటను జోడించి, ఆదర్శవాదం అతడి లోపమని ఒక వాక్యంలో ముగిస్తాయి. జవాబు తప్పు కాదు. అయితే పదిహేనేళ్ళ విద్యార్థి ఆ వాక్యం రాసి బయటపడినప్పుడు, ఆదర్శం ఉండటమే నేరమని నేర్చుకొని వెళ్ళే ప్రమాదం ఉంది. బ్రూటస్ పొరపాటు ఎక్కడ మొదలైందో పాఠంలోనే స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని వేలుపెట్టి చూపించవచ్చు.

తోటలో అర్ధరాత్రి దాటాక బ్రూటస్ పలికే స్వగతం మొదటి మాటలోనే తీర్పు ఉంది: అతడు చావడం ద్వారానే అది జరగాలి. కారణాలు ఆ తరువాత వస్తాయి. సీజర్‌పై తనకు వ్యక్తిగత ద్వేషం లేదని ఒప్పుకుంటాడు. సీజర్ ఇంతవరకు వివేకాన్ని మించి ఆవేశానికి లొంగిన సందర్భం తనకు తెలియదనీ ఒప్పుకుంటాడు. అంటే ఉన్న సీజర్‌పై మోపడానికి నేరం లేదు. అప్పుడు బ్రూటస్ చేసే పని గమనించదగ్గది. ఉన్న మనిషిని బట్టి వాదం నిలబడదు కనుక, కిరీటం దొరికితే రేపు ఎలా మారతాడో ఊహించి వాదాన్ని ఆ విధంగా మలుచుకుందాం అని తనతో తానే అనుకుంటాడు. పాము గుడ్డు పొదగక ముందే చితకాలన్న పోలిక అక్కడే వస్తుంది. ఒక నిజాయితీపరుడు తాను కల్పిస్తున్నానని తెలిసి కూడా కల్పించుకుంటున్న సాక్ష్యాన్ని ప్రేక్షకుడు కళ్ళెదుట చూస్తాడు. తొమ్మిదో తరగతిలో ఈ ఇరవై పైచిలుకు పంక్తులను అన్వయంతో సరిపెట్టకుండా వాదంగా విడదీసి, ఏది జరిగిన విషయం, ఏది ఊహ అని రెండు రంగుల్లో గీతలు గీయమంటే, ఊహ వైపు రంగు ఎంతగా నిండుతుందో పిల్లలు స్వయంగా చూస్తారు.

అదే రంగంలో మరొక సన్నివేశం నేటి విద్యార్థికి మరీ దగ్గరగా ఉంటుంది. కాసియస్ రకరకాల చేతిరాతలతో ఉత్తరాలు రాయించి, అవి వేర్వేరు పౌరులు పంపినవిగా కనిపించేట్టు బ్రూటస్ కిటికీలోంచి వేయిస్తాడు. ఒక ఉత్తరంలో వాక్యం కావాలనే అసంపూర్తిగా ఉంటుంది: రోమ్ ఇలాగే... అని ఆగిపోతుంది. ఆ ఖాళీని బ్రూటస్ తన మనసులో అప్పటికే ఉన్న మాటతో పూరించి, రోమ్ ఒక్క మనిషి భయంలో బతకాలా అని చదువుకుంటాడు. పూరించింది తానేనన్న సంగతి మరచి, రోమ్ తనను పిలుస్తోందని ప్రతిజ్ఞ చేస్తాడు. ఒకే సందేశం పది వాట్సాప్ గ్రూపుల నుంచి వస్తే అది పదిమంది అభిప్రాయమని నమ్మే కాలంలో పెరుగుతున్న పిల్లలకు ఈ ఉత్తరాల తంతు వివరించడానికి ఏ గైడూ అవసరం లేదు.

తెలుగు విద్యార్థి బ్రూటస్‌ను అర్థం చేసుకోవడానికి వెంట తెచ్చుకునే సామగ్రి తక్కువదేమీ కాదు. మన నాటక సంప్రదాయంలో విషాదాంతం అరుదు. భరతవాక్యంతో లోకకల్యాణం కోరి ముగించే సంస్కృత నాటకాల వరుసలో దుర్యోధనుడి మరణాన్ని వేదికపైనే చూపిన భాసుడి ‘ఊరుభంగం’ ప్రసిద్ధమైన మినహాయింపు. తెలుగులో బళ్ళారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’ రాసి ఆ కట్టు దాటారు. నాటకం ముగింపులో విషాదం అరుదైనా, ఇతిహాసాల్లోని పాత్రల్లో దానికి కొదవ లేదు. స్నేహానికీ ధర్మానికీ మధ్య నలిగిన మనిషి అనగానే తెలుగు పిల్లలకు కర్ణుడు గుర్తొస్తాడు. కౌరవ పక్షానిది అధర్మమని తెలిసి కూడా కర్ణుడు మిత్రుడిని విడువలేదు. బ్రూటస్ దేశం కోసమని మిత్రుడినే చంపాడు. మరోవైపు విభీషణుడు ఉన్నాడు. ధర్మం కోసం సొంత అన్నను విడిచిపెట్టినా, ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెత అతడిని నేటికీ వెంటాడుతూనే ఉంది. ఈ ఇద్దరి నడుమ బ్రూటస్‌ను ఎక్కడ నిలబెట్టాలన్న చర్చ తరగతిలో మొదలైతే, అది గంట కొట్టాక కూడా ఆగదు. ఒక్క తేడా మాత్రం ఉపాధ్యాయుడు గుర్తుచేయాలి. విభీషణుడు రావణుడికి ఎదురుగా నిలబడి హితవు చెప్పి, కాదన్నాక బయటికి నడిచాడు. బ్రూటస్ సీజర్‌తో ఒక్కసారైనా ఈ విషయం మాట్లాడిన దాఖలా నాటకంలో లేదు. అంతటి స్నేహితుడు కిరీటం వద్దని ఒక్క మాట చెప్పి చూడకుండా కత్తి పట్టాడన్నది, లోపాల జాబితాలో కనిపించని లోపం.

హత్య తరువాత జరిగే సభ ఈ నాటకానికి గుండె. మూడో అంకం రెండో రంగంలో మొదట బ్రూటస్, తరువాత సీజర్ ఆప్తుడు మార్క్ ఆంటోనీ ఒకే జనం ముందు నిలబడి మాట్లాడతారు. బ్రూటస్ వచనంలో మాట్లాడతాడు, ఆంటోనీ పద్యంలో. అచ్చు పుస్తకంలో పంక్తుల పొడవు చూసి గుర్తించవలసిన ఈ తేడా, ఉత్తరాంధ్ర ఊళ్ళలో జాతర్లకు పద్యనాటకాలు ఆడే సంప్రదాయాన్ని పెద్దల నోట విన్న పిల్లలకు చెవితోనే పట్టుబడుతుంది. హార్మోనియం శ్రుతి అందుకొని పాత్రధారి వచనం నుంచి పద్యంలోకి ఎక్కుతున్నాడంటే ఇక మనసు మీద పని జరగబోతోందని ప్రేక్షకుడికి తెలుసు. కృష్ణ రాయబారం సీనులో కౌరవ సభను కదిలించేది సంధి షరతుల పట్టిక కాదు, పద్యం. బ్రూటస్ తన వచనంలో తూకం వేసినట్టు వాక్యాలు పేరుస్తాడు: సీజర్‌ను తక్కువగా ప్రేమించి కాదు, రోమ్‌ను అంతకన్నా ఎక్కువగా ప్రేమించి ఈ పని చేశాను అంటాడు. వినడానికి బాగుంటుంది. అయితే ఆ వాక్యంలో సీజర్ రోమ్‌కు ఏం ద్రోహం చేశాడన్న సమాచారం లేదు. అతడికి అధికారకాంక్ష ఉండేదన్న ఒక్క మాట తప్ప ఉపన్యాసం మొత్తంలోనూ లేదు. తోటలో తనకు తాను ఒప్పుకున్న సంగతి, అంటే ఉన్న సీజర్‌పై నేరం లేదన్న సంగతి, జనానికి చెప్పలేదు. తొమ్మిదో తరగతి పాఠం పక్కన తెరిచి ఉంటేనే ఈ దాపరికం కనిపిస్తుంది.

ఇక్కడ తరగతిని శ్రోతల స్థానం నుంచి లేపి జనంగా మార్చాలి. ఈ నాటకం పాఠంగా ఫలించాలంటే విద్యార్థి న్యాయమూర్తి పీఠంలో కూర్చొని చదవడం చాలదు. ముందు జనంలో నిలబడాలి, బ్రూటస్ మాటకు చప్పట్లు కొట్టాలి, వెంటనే ఆంటోనీ మాటకు అదే నోటితో బ్రూటస్‌ను తిట్టాలి. ఇద్దరు మంచి చదువరులను వేదికగా బల్ల మీద నిలబెట్టి, మిగిలిన నలభై మందికి పౌరుల మాటలు పంచితే చాలు. బ్రూటస్ ఉపన్యాసం ముగియగానే ఒక పౌరుడు ‘ఇతడినే సీజర్ చేద్దాం’ అని అరుస్తాడు. నియంత వద్దని హత్య చేసినవాడికి జనం నియంతృత్వమే బహుమతిగా ఇవ్వజూపుతున్నారు. మౌనంగా చదివినప్పుడు దాటిపోయే ఈ పంక్తిని, గొంతెత్తి అరిచిన విద్యార్థి తరువాత తానేం అరిచాడో ఆలోచించకుండా ఉండలేడు.

ఆంటోనీ ఉపన్యాసంలోని పనితనం ఎంతసేపు చూసినా తరగనిది. బ్రూటస్ జనాన్ని పిలిచేటప్పుడు రోమన్లన్న మాట ముందు పెట్టాడు. ఆంటోనీ స్నేహితులన్న మాట ముందు పెట్టాడు. సీజర్‌ను పాతిపెట్టడానికి వచ్చాను, పొగడటానికి కాదు అని మొదలుపెట్టి, ఆ తరువాత పొగడ్త తప్ప మరొకటి చేయలేదు. బ్రూటస్ గౌరవనీయుడు అన్న మాటను తిప్పి తిప్పి వాడతాడు. మొదటిసారి అది మర్యాదలాగే వినిపిస్తుంది. సీజర్ ఖైదీల విడుదల ధనాన్ని ఖజానాకు చేర్చాడు, పేదలు ఏడిస్తే తానూ ఏడ్చాడు, లూపర్కల్ పండుగనాడు మూడుసార్లు కిరీటం కాదన్నాడు అని ఒక్కొక్క సాక్ష్యం చెప్పి, ప్రతిదాని వెనుకా ఆ మాటే అతికిస్తుంటే, దానిలోని గౌరవం కొద్దికొద్దిగా కారిపోతుంది. తెలుగు వ్యాకరణంలో వ్యాజస్తుతి చదువుకున్నవారికి ఇది తెలిసిన విద్యే: స్తుతిలా కనిపించే నింద. చివరికి ఆంటోనీ అనకుండానే ఒక పౌరుడు అనేస్తాడు, వాళ్ళు ద్రోహులు, గౌరవనీయులట అని. తిట్టు ఆంటోనీది, నోరు జనానిది.

విశాఖ పిల్లలకు పునరుక్తి బలాన్ని వివరించడానికి దూరం వెళ్ళనక్కరలేదు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం 1966 ఉద్యమకాలం నుంచి ఈ నగరం నోట ఉంది. ఆ ఏడాది నవంబరు 1న ఇక్కడ జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, ఆ తరువాత ఫ్యాక్టరీ వచ్చింది. ఉక్కు, హక్కు అన్న ప్రాస, నాలుగే మాటలు, ఎన్నిసార్లు అరిచినా ఒకే అర్థం. ఆంటోనీ చేసే పునరుక్తి దీనికి పూర్తిగా ఎదురైనది. అతడి మాటలు మారవు, అర్థం మాత్రం ప్రతిసారీ మారుతుంది. నినాదం జనానికి తెలిసిన కోరికను జనం చేత పలికిస్తుంది. ఆంటోనీ జనానికి అంతవరకు లేని కోపాన్ని వారిలో పుట్టించి, అది వారిదేనని నమ్మిస్తాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన విద్యార్థి ఏ బహిరంగ సభలోనైనా ఏది ఏదో గుర్తుపట్టగలుగుతాడు.

ఆంటోనీ చెప్పినవాటిలో నిజమెంత అన్నది మరొక మంచి పరిశోధన. సీజర్ శవంపై ఉన్న పైవస్త్రాన్ని చూపించి, దీన్ని అతడు మొదటిసారి నెర్వీ తెగపై గెలిచిన సాయంకాలం గుడారంలో కట్టుకోవడం నాకు గుర్తుంది అంటాడు. ఆ యుద్ధం జరిగింది క్రీ.పూ. 57లో, చరిత్ర ప్రకారం ఆంటోనీ గాల్ ప్రాంతంలో సీజర్ దగ్గర చేరింది ఆ తరువాత మూడేళ్ళకు. చరిత్ర అక్కరలేదనుకుంటే నాటకంలోనే సాక్ష్యం ఉంది. ఇది కాసియస్ కత్తి దిగిన చోటు, ఇది కాస్కా చీల్చింది, ఇక్కడే బ్రూటస్ పొడిచాడు అని వేలుపెట్టి చూపిస్తాడు. హత్య జరిగే సమయానికి కుట్రదారుల్లో ఒకడైన ట్రెబోనియస్ ఆంటోనీని మాటల్లో పెట్టి బయటికి తీసుకుపోయాడు. ఏ గాయం ఎవరిదో అతడికి తెలిసే అవకాశమే లేదు. ఇక వీలునామా. ప్రతి రోమ్ పౌరుడికీ డెబ్బై అయిదు డ్రాక్మాలు రాశాడని చదివి జనాన్ని ఉడికించిన ఆంటోనీ, కేవలం ఒక రంగం దాటాక, నాలుగో అంకం మొదట్లో, ఆ వీలునామా తెప్పించండి, అందులోని ఖర్చులు ఎలా తగ్గించాలో చూద్దాం అంటాడు. ఈ మూడు చోట్లనూ పిల్లలు తామే వెతికి పట్టుకునేట్టు చేయాలి. ముందు ఆవేశపడి, తరువాత మోసం కనిపెట్టిన పాఠకుడికి కలిగే చిన్న సిగ్గు ఈ పాఠంలో అత్యంత విలువైన ఫలితం. ఆవేశపడకుండానే మోసం గురించి నోట్సులో చదువుకున్నవాడికి ఆ సిగ్గు అందదు.

సభ ముగియగానే వచ్చే చిన్న రంగాన్ని చాలా ప్రదర్శనలు తొలగిస్తాయి, చాలా తరగతులు వేగంగా దాటేస్తాయి. అలా దాటడం అన్యాయం. సిన్నా అనే కవి దారిలో వెళుతుంటాడు. జనం ఆపి పేరడుగుతారు. కుట్రదారుల్లో ఒకడి పేరూ సిన్నాయే. నేను కవిని, ఆ సిన్నాను కాను అని మొరపెట్టుకుంటాడు. అయితే చెత్త కవిత్వం రాసినందుకు చీల్చండి అంటాడొకడు. పేరు చాలు అంటాడు మరొకడు. హాస్యంగా మొదలై నెత్తురుతో ముగిసే ఈ నలభై పంక్తుల లోపు రంగంలో, పది నిమిషాల క్రితం సీజర్ పైవస్త్రం చూసి కన్నీళ్ళు పెట్టిన జనమే ఉన్నారు. సభలో పౌరుల మాటలు పలికిన విద్యార్థులకే ఈ రంగంలోనూ ఆ మాటలు ఇవ్వాలి. అప్పుడు చర్చ దానంతటదే మొదలవుతుంది.

స్త్రీపాత్రలు రెండే, వాటికి దక్కిన చోటు తక్కువ. సీజర్ భార్య కల్ఫూర్నియా కల మాత్రం పాఠంగా బాగా పనికొస్తుంది. సీజర్ విగ్రహం నుంచి నెత్తురు ధారలుగా కారుతుంటే రోమన్లు నవ్వుతూ చేతులు కడుక్కుంటున్నట్టు ఆమె కలగని, బయటికి వెళ్ళవద్దని వేడుకుంటుంది. కుట్రదారుల్లో ఒకడైన డీషియస్ వచ్చి, ఆ రక్తం రోమ్‌కు పునర్జీవమని అర్థం మార్చి చెబుతాడు. సుందరకాండలో త్రిజట కల విన్న రాక్షసస్త్రీలు దాన్ని భయంతో నమ్మారు. సీజర్ మాత్రం తనకు నచ్చిన అర్థాన్నే నమ్మాడు. పిరికివాళ్ళు చావుకు ముందే అనేకసార్లు చస్తారు, ధీరుడు ఒక్కసారే చావును రుచిచూస్తాడన్న ప్రసిద్ధమైన మాటలు సీజర్ పలికింది ఈ రంగంలోనే. దక్షిణాఫ్రికాలోని రాబెన్ ద్వీప కారాగారంలో సోనీ వెంకటరత్నం అనే ఖైదీ దీపావళి శుభాకాంక్షల కార్డుల్లోని దేవుళ్ళ బొమ్మలు అట్టగా అంటించి దాచుకున్న షేక్‌స్పియర్ సంపుటంలో, 1977 డిసెంబరు 16న నెల్సన్ మండేలా సంతకం చేసింది ఈ పంక్తుల పక్కనే. ఒక మాట సందర్భం నుంచి విడిపోయి ఎంత దూరం ప్రయాణించి, ఎవరికి ఆసరా కాగలదో చెప్పడానికి ఇంతకన్నా గొప్ప ఉదాహరణ దొరకదు. అయినా తరగతిలో ఆ మాటను గోడ మీది సూక్తిగా వదిలేయకూడదు. అది పలికిన సీజర్ కొద్దిసేపటికే భార్య మాటకు లొంగి వెళ్ళనంటాడు, మరికొద్దిసేపటికి డీషియస్ పొగడ్తకు లొంగి వెళతానంటాడు. ధీరత్వం గురించిన మాట, ధైర్యంగా కనిపించాలన్న ఆరాటంలో పుట్టిందా అన్న ప్రశ్న అడగడానికి తావుంది.

భాష కష్టమన్న ఫిర్యాదు నిజమే. నాలుగు వందల ఏళ్ళ నాటి ఆంగ్లం, తిరగేసిన వాక్యక్రమం, అర్థం మారిపోయిన పదాలు. దానికి తోడు నగరంలో చాలామంది పిల్లలకు తొమ్మిదో తరగతి నుంచే సాయంకాలాలు ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్‌కు పోతాయి. 80 మార్కుల సాహిత్య ప్రశ్నపత్రానికి ఎడమవైపు మూలం, కుడివైపు నేటి ఆంగ్లం ఉన్న పుస్తకంలో కుడిపుట చాలునన్న నిర్ణయం త్వరగానే జరిగిపోతుంది. కుడిపుటలో కథ ఉంటుంది, ఆంటోనీ మాత్రం ఉండడు. అతడి బలమంతా మాటల వరుసలో, ఆగే చోట్లలో, తిరిగి వచ్చే పంక్తిలో ఉంది. మూలాన్ని కళ్ళతో చదివితే ముళ్ళకంప, చెవితో వింటే తేలిక. పంక్తికి అయిదు ఊనికలతో నడిచే ఆ పద్యం ఛందస్సు పేరు తెలియకపోయినా, గట్టిగా చదివితే అంతు చిక్కుతుంది. గణవిభజన చేయడం తెలుగు పీరియడ్‌లో నేర్చుకుంటున్న పిల్లలకు లయ గురించి కొత్తగా చెప్పవలసింది కొంచెమే. పక్క గదిలోని తెలుగు ఉపాధ్యాయుడిని ఒక్క పీరియడ్ పిలిచి, ఆంటోనీ ఉపన్యాసాన్నీ రాయబారం పద్యాలనూ కలిపి వినిపించమని అడగడానికి ఏ నిబంధనా అడ్డురాదు.

తెలుగువారికి ఈ నాటకం నిన్న మొన్న పరిచయమైనదీ కాదు. 1870ల్లోనే వావిలాల వాసుదేవశాస్త్రి దీన్ని ‘సీజరు చరిత్రము’గా తెలుగులోకి తెచ్చారు, తెలుగుకు వచ్చిన తొలి షేక్‌స్పియర్ నాటకాల్లో అదొకటి. విశాఖకు నాటకం పరాయిదీ కాదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారుగా పనిచేసిన కె.వి. గోపాలస్వామి, గ్రంథాలయాధికారిగా ఉన్న అబ్బూరి రామకృష్ణారావు విద్యార్థి నాటకాన్ని చదువులో భాగంగా చూసి పెంచారు. ఆ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ నేటికీ ఉంది. ఇలాంటి నగరంలో రెండేళ్ళపాటు ఒక నాటకం చదివిన పిల్లలు దాన్ని ఒక్కసారైనా వేదికపై చూడకుండా, ఆడకుండా పరీక్ష రాసి వెళ్ళిపోతున్నారంటే అది సామర్థ్యం లేక కాదు. పాఠశాల వార్షికోత్సవంలో సినిమా పాటల నృత్యాలకు దొరికే అరగంటలో మూడో అంకం రెండో రంగాన్ని పూర్తిగా ఆడవచ్చు.

చివరి రెండంకాలు తరగతిలో తొందరగా నడుస్తాయి. సిలబస్ ముగించే హడావుడి అప్పటికి మొదలవుతుంది. వాటిలో రెండు చోట్ల ఆగడం మంచిది. మొదటిది గుడారంలో బ్రూటస్, కాసియస్‌ల జగడం. లంచాలు తిన్నావని కాసియస్‌ను దులిపేసిన బ్రూటస్, అదే ఊపులో, నేను నీచమైన మార్గాల్లో డబ్బు సంపాదించలేను కనుక నిన్ను బంగారం అడిగితే పంపలేదేమని నిలదీస్తాడు. ఆ బంగారం కాసియస్‌కు ఎక్కడి నుంచి వస్తుందో అడగడు. ఆంటోనీని ప్రాణాలతో వదలడం, అతడికి సభలో మాట్లాడే అనుమతి ఇవ్వడం, ఆఖరి యుద్ధం జరిగిన ఫిలిప్పీకి సైన్యం నడపడం, ఈ మూడింట్లోనూ కాసియస్ వద్దన్నాడు, బ్రూటస్ కాదన్నాడు, మూడింట్లోనూ కాసియస్ మాటే సరైనదని తేలింది. తాను నీతిమంతుడినన్న నమ్మకం గట్టిపడేకొద్దీ బ్రూటస్ చెవి మూసుకుపోయింది. ఆదర్శవాదం లోపమని రాసే బదులు ఈ మూడు ఘట్టాలనూ వరుసగా రాసిన విద్యార్థి అరిస్టాటిల్‌కు ఎక్కువ దగ్గరగా ఉన్నట్టు; అతడు చెప్పిన హమార్షియా గుణదోషం కన్నా తీర్పులో జరిగే పొరపాటుకే చేరువైన భావన.

రెండోది ముగింపు. క్రీ.పూ. 42లో ఫిలిప్పీ మైదానంలో తన మిత్రుడు టిటినియస్ పట్టుబడ్డాడని తప్పుగా విన్న కాసియస్, తన పుట్టినరోజునాడే ప్రాణం తీసుకుంటాడు. బ్రూటస్ చనిపోయే ముందు, నా జీవితంలో నాకు నమ్మకద్రోహం చేసిన మనిషి ఒక్కడూ తగల్లేదని సంతోషిస్తాడు. సీజర్‌కు ఆ అదృష్టం లేదన్న సంగతి అతడికి స్ఫురించిందో లేదో షేక్‌స్పియర్ చెప్పలేదు. శవాన్ని చూసి ఆంటోనీ, రోమన్లందరిలోకీ ఉదాత్తుడు ఇతడే అంటాడు. పరీక్షల్లో బ్రూటస్ గొప్పతనానికి తిరుగులేని సాక్ష్యంగా ఉటంకించేది ఈ మాటనే. అయితే సభలో ఆంటోనీ నోట ‘గౌరవనీయుడు’ అన్న పిలుపు ఏమైపోయిందో చూసిన తరగతి ఈ పొగడ్తను ఎలా తీసుకోవాలి? ఇప్పుడు రెచ్చగొట్టడానికి ఎదుట జనం లేరు. గెలిచిన సైన్యం మాత్రం వింటోంది, ఓడిన పక్షంలో మిగిలినవారినీ కలుపుకోవాలి. మాట నిజమే కావచ్చు, అవసరమూ కావచ్చు, రెండూ కావచ్చు. ఇంతకీ నాటకంలో ఆఖరి మాట ఆంటోనీది కాదు, సీజర్ వారసుడు ఆక్టేవియస్‌ది. బ్రూటస్ శవాన్ని నా గుడారంలో ఉంచండి, సైన్యానికి విశ్రాంతి చెప్పండి, ఈ శుభదినపు కీర్తిని పంచుకుందాం పదండి అని ఆజ్ఞలిస్తాడు. రాజు ఉండకూడదని హత్య జరిగిన నగరానికి, ఫిలిప్పీ యుద్ధం తరువాత పదిహేనేళ్ళు గడవకముందే, అతడే అగస్టస్ పేరుతో తొలి చక్రవర్తి అయ్యాడు.